కిరీటాలు బాగున్నాయి, తెర బాగోలేదు: గాంధీనగర్‌లో నాటకం డ్రస్సుల షాపు

మొన్న సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్‌లో పద్యనాటకం వేశాం. నాటకం మొత్తం వేసే ధైర్యం లేదు, కృష్ణుడి పడకసీను ఒక్కటే. డ్రస్సులు, కిరీటాలు, తెర, మేకప్, హార్మోనియం అన్నీ ఒకే షాపు నుంచి అద్దెకు తెచ్చాం. అప్పటినుంచి పక్క అపార్ట్‌మెంట్ల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు "ఎక్కడ తెచ్చారు, ఎంతయింది, బాగుంటాయా" అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. మా కల్చరల్ సెక్రటరీని నేనే. ఇంకెవరూ ఒప్పుకోలేదు కాబట్టి.

షాపు విజయవాడ గాంధీనగర్‌లో, హనుమంతరాయ గ్రంథాలయం నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక పాత మేడ మెట్ల పక్కన ఉంది. పేరు, నంబరు మాత్రం ఎక్కడా వేయొద్దని షాపు నడిపే పెద్దాయన మరీ మరీ చెప్పారు. రీల్స్ చేసుకునే పిల్లలు అర్ధరాత్రి ఫోన్ చేసి "అంకుల్, ఒక్క గంటకి కిరీటం ఇస్తారా" అంటున్నారట. గ్రంథాలయంలో నాటకం ఉన్న సాయంత్రం వెళ్ళి అక్కడ ఎవరిని అడిగినా దారి చెబుతారు. నాటకం చూసినట్టూ ఉంటుంది.

మా వాళ్ళలో కొందరికి ముందు ఆన్‌లైన్‌లో కొనేద్దామని ఉండేది. అద్దె కట్టే డబ్బుకి సొంతంగానే వచ్చేస్తాయి కదా అని లెక్క. శాంపిలుకి పెద్దవాళ్ళ సైజు కృష్ణుడి డ్రస్సు ఒకటి తెప్పించాం. పంచెని పైజామాలా కుట్టేశారు. కిరీటం అట్టముక్క, దాని మీద బంగారు రంగు కాగితం. నెమలి పింఛం కూడా అచ్చేసిందే. ఎల్‌కేజీ పిల్లాడికి ఫ్యాన్సీ డ్రస్ పోటీలో అయితే ముద్దుగానే ఉంటుంది. మా కృష్ణుడు ఆర్టీసీలో పనిచేసి రిటైరైన మనిషి, వయసులో ఉండగా వాళ్ళ ఊళ్ళో వేషం కట్టినవారు. ఆ కిరీటాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి చూసి, "ఇది నెత్తిన పెట్టుకుంటే నాకు పద్యం రాదమ్మా" అన్నారు. తిప్పి పంపించేశాం.

షాపులో అడుగు పెట్టగానే కలరా ఉండల వాసన గుప్పున కొడుతుంది. గోడ పొడుగునా మేకులు, మేకులకు కిరీటాలు. కింద వరసగా ట్రంకు పెట్టెలు, మూతల మీద సుద్దతో 'దుర్యో', 'నారద', 'ఆడ 2' అని రాతలు. ఒక మేకు ఖాళీగా ఉంటే ఏమిటని అడిగాను. అది యముడి కిరీటం ఉండే చోటట. హెల్మెట్ పెట్టుకోమని చెప్పే ర్యాలీ ఎక్కడ జరిగినా యముడు కావాలి. "నాటకాలు తగ్గాయి గానీ యముడికి మాత్రం ఖాళీ లేదమ్మా" అన్నారు పెద్దాయన.

ఏ నాటకం అని అడిగారు. పడకసీను అన్నాను. ఇక కొలతలు లేవు, అద్దె లేదు, కబుర్లే. ఈ తరం పిల్లలకి తెలియకపోవచ్చు కాబట్టి చెబుతాను. యుద్ధానికి సాయం అడగడానికి దుర్యోధనుడు, అర్జునుడు ఇద్దరూ ద్వారక వెళతారు. కృష్ణుడు పడుకుని ఉంటాడు. తలవైపు దుర్యోధనుడు, కాళ్ళవైపు అర్జునుడు. కళ్ళు తెరిచి కృష్ణుడు ముందు ఎవరిని చూశాడన్నదే గొడవంతా. తిరుపతి వెంకట కవులు రాసిన పాండవోద్యోగంలోది. ఆ జంటలో ఒకరైన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు 1950లో శివరాత్రి నాడు ఈ బెజవాడలోనే పోయారని, ఇక్కడ కూర్చుని పడకసీను ఎవరడిగినా తనకి అదే గుర్తొస్తుందని పెద్దాయన అన్నారు. ఈలపాట రఘురామయ్య గారి కృష్ణుడి గురించి మొదలుపెడితే ఇంకో అరగంట. ఆయనది గుంటూరు జిల్లా సుద్దపల్లి, పద్యం పాడుతూ మధ్యలో వేలు నోట్లో పెట్టి అదే రాగం ఈలలో వేసేవారు. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులుండే రోజుల్లో, పడకసీనుకి ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన వచ్చేవారు కదా, అప్పుడు కృష్ణుడి సెట్లే మూడేసి పంపేవాళ్ళట. ఇది నాకు తెలుసు. మా మేనమామ తెనాలి వైపు నాటకాల కాంట్రాక్టరు. కృష్ణుల్ని పోషించడానికే ఆయన పొలం కొంత పోయింది.

అర్జునుడు అమ్మాయి అని చెప్పినప్పుడు మాత్రం పెద్దాయన ముఖం మారింది. మా రెండో అంతస్తులో బీటెక్ చదివే పిల్ల, సంగీతం నేర్చుకుంది, పద్యాలు అందరికంటే ముందు తనకే వచ్చాయి. "మగవేషానికి ఆడపిల్లా?" అన్నారాయన. "బాపట్ల స్థానం నరసింహారావు గారు సత్యభామ కడితే పద్మశ్రీ ఇచ్చారు కదా బాబాయి గారూ, మా పిల్ల అర్జునుడు కడితే తప్పా?" అన్నాను. స్థానం వారికి ఆ పురస్కారం వచ్చింది 1956లో. పెద్దాయనకి నాకంటే బాగా తెలుసు. మాట్లాడకుండా టేపు తీసుకుని, ఆ పిల్ల భుజాల కొలత తీసుకోమని కోడల్ని పిలిచారు. మగవాళ్ళకి కుట్టిన వెల్వెట్ జాకెట్టుని రెండు పక్కలా పట్టి, లోపల కుట్టువేసి ఇచ్చారు. దానికి అదనంగా పైసా తీసుకోలేదు. ఇది రివ్యూ కాబట్టి రాయాలి, ఈ షాపులో నాకు బాగా నచ్చింది ఇదే.

డ్రస్సుల సంగతి. దగ్గర నుంచి చూడకండి. జరీ నల్లబడింది, చెమ్కీ అక్కడక్కడా ఊడింది, చంకల దగ్గర వేరే రంగు దారంతో కుట్లు కనిపిస్తాయి. కిరీటాలు మాత్రం ఎంత చెప్పినా తక్కువే. కాగితం గుజ్జుతో చేసినవి, పైన అద్దం ముక్కలు, పూసలు. చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. లోపల చుట్టూ మెత్తటి గుడ్డ పట్టీ, వెనక నాడా. తల సైజుని బట్టి పట్టీలో ఇంకో గుడ్డ దూర్చి అక్కడే సరిచేసి ఇస్తారు. మా దుర్యోధనుడు మెడికల్ షాపు యజమాని, సీనంతా తల ఎగరేస్తూనే ఉన్నాడు, కిరీటం వేలెడు కూడా జరగలేదు. పింఛం నిజం నెమలి ఈకలదే. భుజకీర్తులు కొంచెం వదులు, పిన్నీసులు మీరే తీసుకెళ్ళండి. గదకి పిడి దగ్గర కదలిక ఉంది, దాని సంగతి చివర్లో చెబుతాను.

తెర దండగ. దర్బారు తెర అని ఇచ్చారు. స్తంభాలు, ఎర్ర కర్టెన్లు, దూరంగా ఒక ఉద్యానవనం గీసి ఉన్నాయి. మడతల దగ్గర రంగు రాలిపోయి ఉద్యానవనం మధ్యలో తెల్లచారలు వచ్చాయి. అంతకంటే పెద్ద చిక్కు ఎత్తు. అది స్టేజీకి చేసిన తెర, తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి చోటికి సరిపోతుంది. మా సెల్లార్‌లో కప్పు చేతికందేంత ఎత్తు. ఎక్కడ వేస్తున్నారని ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది. పై స్తంభాలన్నీ వెదురు బొంగుకి చుట్టేసి, కింద సగం దర్బారుతోనే కానిచ్చాం. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లవి కూడా ఇలాంటి సెల్లార్లే కాబట్టి తెర జోలికి వెళ్ళకండి. నల్లటి గుడ్డ కట్టుకోండి చాలు.

మేకప్ ఆయన గుంటూరు నుంచి బస్సులో వచ్చారు, చేతిలో ఒక రేకు పెట్టె. 2023 డిసెంబరులో గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో నంది నాటకోత్సవాలు జరిగినప్పుడు కూడా ఒక బృందానికి పనిచేశారట. వచ్చీ రాగానే ముఖాలు చూడలేదు, మా లైట్లు చూశారు. సెల్లార్ నిండా తెల్ల ఎల్‌ఈడీలు. "ఈ వెలుగులో కృష్ణుడు జబ్బుపడి లేచినట్టుంటాడండీ" అన్నారు. ఆ రంగుల పద్ధతంతా పెట్రోమాక్స్ లైట్లు, పసుపు బల్బుల నాటిదట. తెల్ల వెలుగు పడితే ఆ రంగులు వేరేగా కనిపిస్తాయట. మా ఎలక్ట్రీషియన్ కుర్రాడు పరిగెత్తి రెండు ఫోకస్ లైట్లు, పసుపు జిలేటిన్ కాగితం తెచ్చి కట్టాక గానీ ఆయన పెట్టె తెరవలేదు.

ముందు దుర్యోధనుడిని కూర్చోబెట్టారు, ఎందుకంటే మీసం ఆరాలి. స్పిరిట్ గమ్ రాసి, క్రేప్ వెంట్రుకలు కొంచెం కొంచెంగా అంటించి, కత్తెరతో దిద్ది, "ఇక అరగంట నవ్వొద్దు" అని హెచ్చరించారు. వాళ్ళావిడ వచ్చి చూసి నవ్వింది, ఆయనా నవ్వాడు, ఒక పక్క ఊడింది, మళ్ళీ అంటించారు. కృష్ణుడికి తెలుపులో నీలం కలిపి చేత్తోనే మెత్తి, తడి స్పాంజితో ఒత్తి, పైన పౌడరు. అర్జునుడికి మీసం పెన్సిలుతో సన్నగా గీశారు. గమ్ పడనివాళ్ళుంటే ముందే చెప్పండి. దుర్యోధనుడి పైపెదవి మర్నాడు ఎర్రగా కందింది. కొబ్బరి నూనె రాసి నానబెట్టాక తీయమని ఆయన చెప్పాడు, మనవాడు ఊరికే లాగేశాడు.

హార్మోనియం వాయించిన ఆయన గురించి రాయకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. మా కమిటీలో ఒకరు "కీబోర్డు వాయించే పిల్లాడు ఉన్నాడుగా, ఆ డబ్బు మిగులుతుంది" అన్నారు. నేను ఒప్పుకోలేదు, చిన్న యుద్ధమే జరిగింది. సీనుకి ముందు ఆయన ముగ్గురిని విడివిడిగా కూర్చోబెట్టి ఒక్కో పద్యం పాడించుకున్నారు. కృష్ణుడి గొంతు పైకి వెళ్ళడం లేదని చూసి శ్రుతి దించారు. దుర్యోధనుడికి రాగం అసలు రాదని తేలిపోయింది, "మీరు వచనంలా చెప్పి చివర ఒక్కటి లాగండి, మిగతాది నేను చూసుకుంటా" అన్నారు. స్టేజీ మీద కృష్ణుడు మూడో పాదం మరిచిపోయారు. జనానికి తెలియనే లేదు. ఈయన మోహన రాగంలో ఒక చుట్టు తిప్పి, మైకుకి దూరంగా వంగి, తర్వాతి మాట అందించారు. అది మరుపు అనుకోలేదెవరూ, రాగం తిప్పి తిప్పి సంగతులు వేస్తున్నారనుకుని చప్పట్లు కొట్టారు. వెనక కుర్చీల్లో ఉన్న పెద్దవాళ్ళు "వన్స్‌మోర్" అని అరిస్తే, కృష్ణుడు ఆ పద్యమే మళ్ళీ మొదటి నుంచి పాడారు, ఈసారి మరిచిపోకుండా. మూడో అంతస్తు మామ్మగారు ఐదొందల నోటు తెచ్చి కృష్ణుడి జాకెట్టుకి పిన్నుతో గుచ్చారు. కీబోర్డు పిల్లాడితో ఇది జరిగేది కాదు. వాడి మీద కోపం లేదు, వాడికి ఆ పద్యాలు తెలియవు, అంతే.

డబ్బు విషయానికొస్తే, డ్రస్సు ఒక్కోటి కిరీటం, నగలతో కలిపి 1,200. తెర 1,500, పైన చెప్పాను కదా, మిగిల్చుకోండి. మేకప్ ఆయనకి 2,500, హార్మోనిస్టుకి 4,000, ఇద్దరికీ బస్సు చార్జీలు, భోజనం మనవే. డిపాజిట్ 3,000. రసీదు ఉండదు, ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకుంటారు. ఫోన్‌పే అంటే కొడుకు వచ్చేదాకా ఆగాలి. బేరం ఆడితే డ్రస్సుల మీద కొంచెం తగ్గుతుంది. మనుషుల మీద తగ్గదు, తగ్గించమని అడగడం కూడా బాగోదు. ఖర్చు భారమనిపిస్తే డ్రస్సులు రెండే తీసుకుని అర్జునుడికి ఇంట్లో పట్టు పంచె, పాత నగలు సర్దండి. హార్మోనియం మాత్రం వదలొద్దు.

పిల్లల స్కూల్ వార్షికోత్సవానికైతే ఇంత దూరం అక్కర్లేదు. చిన్న సైజులు ఇక్కడ తక్కువ, ఉన్నవి కూడా బాలకృష్ణుడు, భరతమాత వరకే. ఆడవేషాల చీరలు నాకు నచ్చలేదు, మన బీరువాలోవే నయం. రాముడు, హరిశ్చంద్రుడు, నారదుడు, భీముడు కావాలంటే మటుకు కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు.

శివరాత్రి వారంలో అడగొద్దు. కోటప్పకొండ ప్రభల వాళ్ళు, జాగారం నాటకాల వాళ్ళు ముందే చెప్పి పెట్టుకుంటారు, గోడకి మేకులు తప్ప ఏమీ మిగలవు. శ్రీరామనవమికీ అంతే. ఏప్రిల్ 16న కందుకూరి వీరేశలింగం గారి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం కదా, ఆ రోజుకి ఏదైనా వేయాలనుకునే వాళ్ళు ఉగాది కంటే ముందే వెళ్ళి పుస్తకంలో పేరు రాయించుకోండి. వేసవి సెలవుల్లో అయితే నిదానంగా చూసి, పెట్టెలన్నీ తెరిపించి ఎంచుకోవచ్చు.

సామాను తిరిగి ఇచ్చినప్పుడు గద పిడి ఊడిందని డిపాజిట్‌లో 200 పట్టుకున్నారు. అది తెచ్చినప్పుడే వదులుగా ఉందని నేను, మా దుర్యోధనుడు నేలకేసి కొట్టాడని ఆయన, కాసేపు వాదించుకున్నాం. కొట్టిన మాట నిజమే, ఊరంతా చూసింది. అయినా గద అన్నాక నేలకేసి కొట్టరా? "దసరాకి మళ్ళీ తీసుకుంటావుగా అమ్మా, అందులో సర్దుతాలే" అన్నారు పెద్దాయన. ఎర్ర పుస్తకంలో నా పేరు పక్కన 200 రాయించే వచ్చాను.