గ్రిడ్‌లో సేవ్ కొడితే ముట్టుకోని డేటా మారిపోతోంది, డేటాబేస్ క్లయింట్ కొనేవాళ్లు జాగ్రత్త

పేరు చెప్పను గానీ, డ్రైవర్‌తో (డేటాబేస్‌కి ఆదేశాలు చేరవేసే లైబ్రరీ) కలిపి ఒకే ప్యాకేజీగా అమ్మే ఒక డేటాబేస్ క్లయింట్‌కి (డేటాబేస్‌లోని డేటా చూసి మార్చుకునే టూల్) మేం లైసెన్స్ తీసుకున్నాం. చూడ్డానికి బాగుంది, వేగంగానూ ఉంది. గొడవంతా టేబుల్‌ని గడులుగా చూపించే గ్రిడ్‌లో సెల్ మార్చి సేవ్ కొట్టినప్పుడే.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోని టేబుల్లో ఒక వరుసలో పేరు సరిదిద్దితే, ఎవరూ ముట్టుకోని పక్క కాలమ్‌లోని రెగెక్స్ (టెక్స్ట్‌లో వెతకడానికి రాసే నమూనా) పాడైంది. ఒక బ్యాక్‌స్లాష్ (\) ఉన్నచోట రెండయ్యాయి. మళ్లీ సేవ్ చేస్తే నాలుగు, ఆ తర్వాత ఎనిమిది. ఎర్రర్ మాత్రం రాదు! టెక్స్ట్ కాలమ్‌లో దాచిన జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి) అయితే ఇంకా ప్రమాదం. దాన్ని చదివే పార్సర్ కిక్కురుమనకుండా ఒప్పుకుంటుంది, కానీ కొత్త లైన్ రావాల్సిన చోట బ్యాక్‌స్లాష్, దాని పక్కన ఎన్ అక్షరం వచ్చి కూర్చుంటాయి.

మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో మామూలుగా బ్యాక్‌స్లాష్ ఎస్కేప్ అక్షరం, అంటే తర్వాతి అక్షరం అర్థాన్ని మార్చే గుర్తు, అందుకే రెండుసార్లు రాయాలి. పోస్ట్‌గ్రెస్‌లో 2011లో వచ్చిన 9.1 నుంచి మామూలు కోట్‌ల మధ్య అది ఉత్త అక్షరమే, కోట్ ముందు ఇంగ్లిష్ 'E' అక్షరం పెడితేనే ఎస్కేప్. ఈ టూల్ విలువల్ని పారామీటర్లుగా, అంటే ఆదేశం నుంచి విడిగా, డ్రైవర్‌కి ఇవ్వకుండా తనే ఆదేశంలో స్ట్రింగ్‌గా అతికిస్తోంది, అదీ మైఎస్‌క్యూఎల్ పద్ధతిలో, పైగా వరుస మొత్తాన్నీ. సర్వర్ లాగ్‌లో స్టేట్‌మెంట్లు ఆన్ చేస్తే విషయం బయటపడింది. అదే డ్రైవర్‌తో చిన్న స్క్రిప్ట్ రాసి పారామీటర్‌గా పంపితే అక్షరం పొల్లుపోలేదు.

సపోర్ట్ వాళ్లేమో డ్రైవర్ లోపం అన్నారు. ఆ డ్రైవర్‌ని ప్యాకేజీలో పెట్టి అమ్మింది ఎవరో మరి! తర్వాత సర్వర్‌లో స్టాండర్డ్ కన్ఫార్మింగ్ స్ట్రింగ్స్ సెట్టింగ్ (బ్యాక్‌స్లాష్‌ని ఉత్త అక్షరంగా ఉంచేది ఇదే) ఆఫ్ చేసుకోమన్నారు. దయచేసి ఆ పని చేయకండి. సింగిల్ కోట్‌ని మాత్రమే రెట్టింపు చేసే కోడ్ ఏదైనా అదే సర్వర్‌తో మాట్లాడుతుంటే ఇంజెక్షన్‌కి, అంటే డేటా ముసుగులో ఆదేశాలు చొప్పించే దాడికి, తలుపు తీసినట్టే. ట్రయల్ గడువు దాటిందని డబ్బు కూడా వెనక్కివ్వలేదు.

అందుకే ట్రయల్‌లో ఉండగానే ఒక టెస్ట్ టేబుల్లో సింగిల్ కోట్, బ్యాక్‌స్లాష్, తెలుగు పదం, ఇమోజీ కలిపి ఒక విలువ పెట్టండి. గ్రిడ్‌లో వేరే కాలమ్ మార్చి సేవ్ చేసి, ఆ విలువ ఎన్ని బైట్లుందో ముందూ వెనకా కమాండ్ లైన్ నుంచి చూడండి. గ్రిడ్ చూపించేదాన్ని నమ్మొద్దు.

ఇప్పటికే కొన్నవాళ్లు గ్రిడ్‌ని రీడ్ ఓన్లీలో పెట్టి, రెండు బ్యాక్‌స్లాష్‌లు పక్కపక్కన ఉన్న వరుసలు వెతకండి. నమూనాతో వెతికే లైక్ (LIKE) ఆదేశంతో కాదు, అందులో బ్యాక్‌స్లాష్ మళ్లీ ఎస్కేపే. టెక్స్ట్‌లో ఒక ముక్క ఎక్కడుందో చెప్పే స్ట్రింగ్ పొజిషన్ ఫంక్షన్ వాడండి. దొరికినవన్నీ ఒక్క దెబ్బకి రీప్లేస్ చేయొద్దు, నెట్‌వర్క్ పాత్‌లలో రెండు ఉండటం సహజం. పాత బ్యాకప్‌తో పోల్చాకే మార్చండి.