మహేంద్రగిరి ప్యాకేజీకి డబ్బు కట్టేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

కార్తీకం వచ్చిందంటే మన శ్రీకాకుళం జిల్లా వాట్సాప్ గ్రూపుల నిండా యాత్రల ప్రకటనలే. అలాంటి ఒకదాన్ని నమ్మి మా ఇంట్లో ఐదుగురం తలకి 3,500 చొప్పున 17,500 రూపాయలు ముందే కట్టేశాం. 68 ఏళ్ల మా అమ్మ ఒక రాత్రంతా ముక్కూమొహం తెలియని వాళ్లింట్లో, వాళ్లు కప్పుకునే దుప్పటి కప్పుకుని పడుకోవాల్సి వచ్చింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ట్రావెల్స్ పేరు రాయడం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

ప్రకటనలో ఉన్నది ఇదీ: "వెయ్యేళ్ల నాటి కొండ ఊరు, మహేంద్రగిరి, శ్రీముఖలింగం. రెండు పగళ్లు, ఒక రాత్రి. ఏసీ బండి, కొండ మీద బస, గిరిజన నృత్యం." దాని కింద ఒక ఫొటో. కొండ వాలు మీద మెట్లు మెట్లుగా రాతి ఇళ్లు, వాటి కింద పొగమంచు. చూడగానే ఎవరికైనా వెళ్లాలనిపిస్తుంది. తిరిగొచ్చాక మా అబ్బాయి ఆ ఫొటోని పెద్దది చేసి చూపించాడు. ప్రతి ఇంటి కప్పు మీదా రాతి పొగగొట్టం ఉంది. మన కొండల్లో అలాంటి ఇళ్లు ఎక్కడున్నాయి? నెట్‌లో వెతికితే అది ఏదో విదేశపు ఊరని తేలింది. మహేంద్రగిరి మీద పాత గుళ్లున్నాయి, ఆ ఫొటోలోలాంటి రాతి ఊరు లేదు. ఈ ఒక్కటీ ముందే చూసుకుంటే మిగతా కథ ఉండేదే కాదు.

నమ్మడానికి మాకొక కారణం ఉంది. మా నాన్నగారు బళ్లో చరిత్ర చెప్పేవారు. గాంగరాజుల రాగిరేకు శాసనాల్లో మహేంద్రాచలం, అంటే ఈ మహేంద్రగిరి, శిఖరం మీది గోకర్ణస్వామిని స్తుతించాకే దానం మాట వస్తుందని, ఆ రాజులు ఏలిన కళింగనగరమే మన ముఖలింగమని ఇంట్లో ఎన్నోసార్లు చెప్పారు. వంశధార ఒడ్డున రాజధాని, దూరాన కొండ కొమ్మున కులదైవం. ఈ రెండూ ఒకే ప్రయాణంలో చూడాలన్నది అమ్మ కోరిక. నాన్నగారు ఉండగా కుదరలేదు. ప్రకటనలో రెండు పేర్లూ పక్కపక్కన కనబడేసరికి ఇక వెనకాముందూ చూడలేదు.

తెల్లవారుజామున 4 గంటలకి ఆమదాలవలస వస్తానన్న బండి 7:20కి వచ్చింది. టెంపో ట్రావెలర్ అన్నారు, వచ్చింది పాత జీపు. ఏసీ లేదు. దాని నంబరు ప్లేటు తెల్లది. అప్పుడే దిగిపోవాల్సింది, కానీ అమ్మ మొహం చూసి ఎక్కేశాం.

ఆ రోజు కార్తీక సోమవారం. ముఖలింగంలో మధుకేశ్వరుడి దర్శనం వరసే గుడి బయటిదాకా ఉంది. డ్రైవరు మాకిచ్చింది 25 నిమిషాలు. అమ్మ గడప దాకా వెళ్లి దణ్ణం పెట్టుకుని వచ్చేసింది. భీమేశ్వరుణ్ణి చూడలేదు, సోమేశ్వరుడి గుడి గోడల మీది శిల్పాలని బండి కిటికీలోంచే చూశాం.

పాతపట్నం దాటి ఒడిశాలోకి వెళ్తుంటే డ్రైవరు వెనక్కి తిరిగి, "ఎవులైనా ఆపి అడిగితే మా సుట్టాలమని సెప్పండి" అన్నాడు. అద్దెకి తిప్పే బండికి పసుపు ప్లేటు ఉండాలి, పక్క రాష్ట్రంలోకి వెళ్లాలంటే పర్మిట్ ఉండాలి. తెల్ల ప్లేటు బండిని అద్దెకి తిప్పుతుండగా ప్రమాదం జరిగితే, ఇన్సూరెన్సు కంపెనీ పాలసీ షరతు తప్పారని అడ్డం తిరుగుతుంది. ఐదుగురి ప్రాణాలు పణంగా పెట్టి బయల్దేరదీసి, పైగా మా చేతే అబద్ధం చెప్పించాలని చూశారు. అమ్మ ఆ దారిపొడుగునా మాట్లాడలేదు.

కొండ కిందకి చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. మంచు దిగుతోంది. అక్కడ బండి ఆపి, "ఇంక మా బండి ఎక్కదు బాబూ, పైకి వేరే జీపు మాటాడుకోండి, 2,500 అవుతాది" అన్నాడు. ట్రావెల్స్ వాళ్లకి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. మహేంద్రగిరి 1501 మీటర్ల కొండ. చీకటి పడ్డాక ఆ ఘాట్ రోడ్డులో ముసలావిడని పెట్టుకుని వెళ్లలేం. "మరి బస ఎక్కడ?" అంటే దగ్గర్లో ఉన్న ఒక సవర గిరిజనుల ఊరికి తీసుకెళ్లి, ఒకింటి అరుగు చూపించి వెళ్లి బండిలో పడుకున్నాడు.

ఆ ఇంటి ఆవిడకి మేం వస్తున్నట్టు ఎవరూ కబురు పెట్టలేదు. ఆమెకి సవర, ఒడియా బాగా వచ్చు, తెలుగు కొద్దిగా. మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఏమీ అడగకుండా లోపలికి వెళ్లి, పొయ్యి పక్కన ఉన్న తన చాప దులిపి అమ్మకి పరిచింది. సిల్వర్ గిన్నెలో చోడి అంబలి వేడి చేసి ఇచ్చింది. అమ్మ తాగుతుంటే ఆ గిన్నె చల్లారకుండా రెండుసార్లు నిప్పుల మీద పెట్టి తెచ్చింది.

పొయ్యి వెలుగులో ఎదురుగోడ కనబడింది. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసిన బొమ్మలు. చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డ మనుషులు, ఏనుగు, గుర్రం, పైన సూర్యుడు. మా అబ్బాయి ఫోన్ తీయబోతే ఆమె వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. అవి ఇంటి అందానికి వేసినవి కావు, దేవతలకీ చనిపోయిన పెద్దలకీ వేసినవి. ప్రకటనలో "గిరిజన నృత్యం" అని అమ్మింది ఇలాంటి ఇళ్లనే. కిందటి వారం కూడా జనాన్ని ఇలాగే దింపి వెళ్లారట. డబ్బు తర్వాత ఇస్తామన్నారట, ఇవ్వలేదట. నా 17,500 పోయినందుకంటే ఈ మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. పొద్దున్న 1,500 ఆమె చేతిలోనే పెట్టాం.

మర్నాడు ఆ ఊరి కుర్రాడే తెలిసినవాళ్ల జీపు తెచ్చి పైకి తీసుకెళ్లాడు. 1,800 తీసుకున్నాడు, దానికి న్యాయంగా తిప్పాడు. కుంతి గుడి అని పిలిచే గోకర్ణేశ్వరుడి ఆలయంలో అమ్మ లింగం మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. అక్కడ చోళుల కాలపు తమిళ శాసనం కూడా ఉంది. బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయ పుట్టేది ఈ కొండల్లోనే. భీముడి గుడి ఇంకా పైన ఉంది. పెద్ద పెద్ద రాళ్లు పేర్చి కట్టిన చిన్న గుడి, దూరం నుంచి చూశాం. అక్కడిదాకా వెళ్లలేకపోయాం. 11 గంటలకి కింద లేకపోతే బండి వెళ్లిపోతుందని డ్రైవరు ముందే చెప్పాడు మరి. ఆ కొండకి తప్పకుండా వెళ్లండి. ఇలాంటి వాళ్ల బండిలో వెళ్లకండి, అంతే.

డబ్బు కట్టే ముందు మూడు మాటలు అడగండి. బండి నంబరేంటి, ప్లేటు ఏ రంగు? ఆ బండి కొండ మీద ఎక్కడిదాకా వెళ్తుంది, అక్కడి నుంచి ఖర్చు ఎవరిది? రాత్రి ఎవరింట్లో ఉంటాం? ఆ ఇంటివాళ్లతో మీరే ఫోన్‌లో మాట్లాడతానని పట్టుబట్టండి. అక్కడే నసుగుతారు. మొత్తం డబ్బు ముందే పంపకండి. ఫోన్‌పేలో పంపినా రసీదు అడగండి. మేం అడగలేదు. ఇప్పుడు మా దగ్గర ఉన్నవల్లా ఆ ప్రకటన స్క్రీన్‌షాటు, డబ్బు వెళ్లినట్టు వచ్చిన మెసేజూ. వాటిని మాత్రం తీసేయకండి, అవే ఆధారం.

తిరిగొచ్చి ట్రావెల్స్ వాళ్లని అడిగితే "మంచు మా చేతిలో ఉందా?" అన్నారు. మంచు సంగతి మేం అడగలేదు. జీపు, బస, ఫొటో గురించి అడిగాం. 3,000 తిరిగిస్తాం, గ్రూపులో ఏమీ రాయొద్దన్నారు. వద్దన్నాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. జరిగిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయొచ్చు. 5 లక్షల లోపు విలువైన వాటికి ఫీజు కూడా లేదు. మీలో ఎవరికైనా ఇలాగే జరిగి ఉంటే స్క్రీన్‌షాట్లు నాకు పంపండి, ఫిర్యాదుకి జత చేస్తాను.

వచ్చే సోమవారం బండిలో ఇంకా ఆరు సీట్లు ఉన్నాయని నిన్న రాత్రి అదే ఫొటోతో మళ్లీ మెసేజ్ వచ్చింది. ఎవరైనా అడ్వాన్సు కట్టి ఉంటే ఇవాళే ఫోన్ చేసి, ఆ పొగగొట్టాల ఊరు ఎక్కడుందో అడగండి.