ఝరియా "ఫైర్ టూర్" ప్యాకేజీ కొనబోతున్నారా, డబ్బులు కట్టేముందు ఇది చదవండి

ఝార్ఖండ్‌లో ధన్‌బాద్ పక్కన ఝరియా ఉంది కదా, భూమి లోపల బొగ్గు నూరేళ్ళ పైనుంచి తగలబడుతూనే ఉన్న చోటు, అక్కడికి తీసుకెళ్తామని ఇప్పుడు సోషల్ మీడియాలో ప్యాకేజీలు తెగ అమ్ముతున్నారు. నేనూ మా ఫ్రెండ్స్ కొందరం ఒకటి కొని వెళ్ళొచ్చాం. దయచేసి కొనకండి. ఊరికే మోసం మోసం అని అరిస్తే ఎవరూ నమ్మరు కాబట్టి ఏం జరిగిందో కాస్త వివరంగానే రాస్తున్నా.

మనిషికి 14,500. అందులో వాళ్ళు రాసినవి ఏంటంటే స్టేషన్ పికప్, హోటల్, "పర్మిషన్‌తో గనిలోకి ఎంట్రీ", "మంటలు గ్యారంటీ", సేఫ్టీ కిట్, లోకల్ ఎక్స్‌పర్ట్ గైడ్. సగం అడ్వాన్స్ యూపీఐలో పంపమన్నారు, అది కంపెనీ పేరు మీద కాకుండా ఎవరో ఒక మనిషి పేరు మీద వచ్చింది, అడిగితే "మా అకౌంటెంట్ సార్" అన్నారు. పికప్ లేటు, హోటల్ పర్లేదు, వాటి గురించి నాకు పెద్ద గొడవ లేదు. అసలు మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి మనం బొకారో అని పిలుచుకునే ఆలెప్పీ - ధన్‌బాద్ రైలు విజయవాడ మీదుగా డైరెక్టుగా ఉంది, స్టేషన్ బయట ఆటోలు ఉంటాయి, ఆ పికప్‌కి ఏం విలువ ఉందని.

అసలు కథ పర్మిషన్ దగ్గర. ఝరియాలో గనులు దాదాపు అన్నీ భారత్ కోకింగ్ కోల్ వాళ్ళవి, అంటే కోల్ ఇండియా కింది ప్రభుత్వ కంపెనీ. నడుస్తున్న గనిలోకి టికెట్ కొని వెళ్ళిపోవడం అనేది ఉండదు, మేనేజ్‌మెంట్ రాసి ఇవ్వాలి, లోపల అడుగు పెట్టే ప్రతి మనిషి వాళ్ళ బాధ్యత. సింగరేణి ఊళ్ళ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ఓపెన్‌కాస్ట్ (పైనుంచి గొయ్యిలా తవ్వే గని) గేటు దగ్గర ఎలా ఉంటుందో వాళ్ళకి తెలుసు. మా గైడ్‌ని లెటర్ చూపించు భయ్యా అంటే "సబ్ సెట్ హై" అన్నాడు, రెండోసారి అడిగితే మళ్ళీ అదే మాట. తీరా చూస్తే గేటు వైపే వెళ్ళలేదు, ఓబీ గుట్టల (బొగ్గు మీద నుంచి తీసి పోసిన మట్టి, రాళ్ళ గుట్టల) వెనక బొగ్గు ఎత్తుకొచ్చే సైకిళ్ళు నడిచి నడిచి పడ్డ దారి ఒకటుంది, దాంట్లోంచి తీసుకెళ్ళాడు. దూరంగా సెక్యూరిటీ జీపు కనిపించగానే "బైఠో బైఠో" అని అందర్నీ కూర్చోబెట్టేశాడు, మా గ్రూపులో అరవై దాటిన పెద్దాయన ఒకరున్నారు, పాపం ఆయన మోకాళ్ళ మీద వంగి దాక్కోవాల్సి వచ్చింది. డబ్బులిచ్చి మరీ దొంగల్లా దాక్కోవడం ఏంటో నాకిప్పటికీ అర్థం కాదు.

సేఫ్టీ కిట్ అంటే పసుపు హెల్మెట్ ఒకటి (నాదానికి బెల్టు తెగిపోయి ఉంది), గుడ్డ మాస్కు ఒకటి. ఈ మాస్కు సంగతి గట్టిగా చెప్పాలి. బొగ్గు సగం సగం కాలేచోట కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు రంగు ఉండదు, గుడ్డ మాస్కు దుమ్మునైతే ఆపుతుందేమో గానీ గ్యాస్‌ని ఆపదు. మనకి ముక్కు మండేది గంధకం వాసన, అది తగ్గితే గాలి బాగుందని కాదు. గ్యాస్ మీటర్ ఏదీ అంటే గైడ్ నవ్వాడు. కాసేపటికి ఆ పెద్దాయనకి తలపోటు, వాంతి వచ్చేలా ఉందన్నారు, వెనక్కి వెళ్దాం అంటే "ఇంకో పాయింట్ ఉంది సార్, అది మెయిన్ పాయింట్" అని లాగుతున్నాడు. మేమే ఆయన్ని చెరో చెయ్యి పట్టుకుని గాలి వీచే వైపుకి తీసుకొచ్చేశాం.

ఇంక నేల సంగతి. అక్కడ మంటలు బయటపడింది 1916లో, అప్పటికే ప్రైవేటు వాళ్ళు పైపొరల్లో ఇష్టమొచ్చినట్టు తవ్వేసి, స్తంభాల్లాగా కొంత బొగ్గు వదిలి, ఆ ఖాళీల్ని ఇసకతో నింపకుండానే వదిలేసి పోయారు. బొగ్గుకి గాలి తగిలితే తనంతట తనే వేడెక్కుతుంది, వేడి బయటికి పోయే దారి లేకపోతే అంటుకుంటుంది, నేల పగిలిన కొద్దీ ఇంకా గాలి లోపలికి పోతుంది, ఇదీ వరస. ఆ స్తంభాలు కాలి బూడిదైపోయాక పైన మిగిలేది పొయ్యి మీద పొంగిన పూరీ లాంటి నేల, పైకి చూస్తే గట్టిగానే ఉంటుంది, కింద ఏమీ ఉండదు. 2017 మేలో ఝరియా టౌన్లోనే ఇందిరా చౌక్ దగ్గర ఉన్నట్టుండి నేల కుంగి తండ్రీ కొడుకూ లోపలికి పోయారు. అదే ఏడాది జూన్‌లో ధన్‌బాద్ - చంద్రపురా రైల్వే లైను కింద మంటలున్నాయని మూసేశారు, మళ్ళీ తెరిచింది 2019లో. రైలు పట్టాలే ఆపేసిన చోట ఈ గైడ్ మమ్మల్ని ఏం చేయించాడో తెలుసా, పొగ వస్తున్న పగులులో ఎండుపుల్ల పెట్టి అది అంటుకోగానే "దేఖియే" అని నవ్వి, ఆ పగులుకి అటో కాలు ఇటో కాలు వేసి ఫోటో దిగమన్నాడు. మాలో ఒకడు దిగాడు కూడా. వాడి షూ అడుగున అతుకు మెత్తబడి ముందుభాగం నోరు తెరిచింది.

అప్పుడు బస్తీ వైపు నుంచి ఒక ముసలావిడ అరుచుకుంటూ వచ్చింది. ఆవిడ మాట మాకు సగమే అర్థమైంది గానీ గైడ్‌ని తిడుతోందని మాత్రం బాగా తెలిసింది. మేము నిలబడ్డ చోటికి కొంచెం పక్కనే చేత్తో చూపించి, పోయిన వానల్లో అది కుంగిపోయింది, ఇల్లొకటి పోయింది అంటోంది. వానాకాలంలో నీళ్ళు పగుళ్ళలోకి దిగి ఆవిరి పైకి తంతుంది, నేల కుంగడం అప్పుడే ఎక్కువట. మేం వెళ్ళింది వానలైన కొన్నాళ్ళకే, ప్యాకేజీలో మాత్రం దాన్ని "బెస్ట్ సీజన్" అని రాశారు. చివరికి మమ్మల్ని జాగ్రత్తగా బయటికి తెచ్చింది ఆవిడే, రోజూ జనం నడిచే బాట మీదే నడవండి, పక్కకి ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు అని చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ముందు నడిచింది. ఎక్స్‌పర్ట్ గైడ్ వెనకాల ఫోన్ మాట్లాడుకుంటూ వచ్చాడు.

"మంటలు గ్యారంటీ" అన్నదాని గురించి. ప్రభుత్వం ఈ గనుల్ని జాతీయం చేసినప్పుడు 17 చదరపు కిలోమీటర్ల పైన మంటలున్నాయి, మన హైదరాబాద్ నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వాళ్ళు 2021లో శాటిలైట్‌తో చూస్తే 2 చదరపు కిలోమీటర్ల లోపుకి తగ్గాయి. కాలే బొగ్గుని తవ్వి తీసేస్తున్నారు కాబట్టి నిరుడు మంట ఉన్నచోట ఈ ఏడు గొయ్యి ఉంటుంది. ఎర్రగా మండే బొగ్గు కనిపించేది ఓపెన్‌కాస్ట్ గోడల్లో, అంటే బ్లాస్టింగ్‌లూ డంపర్లూ తిరిగే చోట, అక్కడ టూరిస్టుకి పనేముంది. మాకు కనిపించింది పొగ, ఆవిరి, వేడి నేల, గోడలు బీటలు వారిన ఇళ్ళు. వాళ్ళు యాడ్‌లో పెట్టిన వీడియో ఎప్పటిదో కూడా చెప్పరు. పైగా నైట్ టూర్‌కి ఎక్స్‌ట్రా 2,000 అడుగుతున్నారు, మేమూ కట్టాం, చీకట్లో మంట బాగా కనబడుతుందని. మంటైతే కనబడుతుంది సరే, కాళ్ళ దగ్గర పగులు కనబడదు కదా బాబూ.

నాకు ఎక్కువ కోపం వచ్చింది మాత్రం ఇంకో విషయానికి. బొగ్గు గంప ఎత్తుకెళ్తున్న ఒక అమ్మాయిని గైడ్ ఆపి, గంప దించి మళ్ళీ ఎత్తమన్నాడు, మా కెమెరాల కోసం. ఇరవై రూపాయలు చేతిలో పెట్టాడు. ఇష్టం లేదని మొహంలో తెలుస్తోంది, మేం కెమెరాలు లోపల పెట్టేశాం. మంటల మీద బతుకుతున్న ఇలాంటి బస్తీ జనాన్ని అక్కడినుంచి తరలించడానికి 2009లో మాస్టర్ ప్లాన్ ఒప్పుకున్నారు, బేల్‌గడియాలో ఇళ్ళు కట్టారు, వెళ్ళినవాళ్ళు వెళ్ళారు, అక్కడ పని దొరకదని చాలామంది పొగలోనే ఉండిపోయారు. వాళ్ళ బతుకు చూపించి వీళ్ళు మనిషికి పద్నాలుగు వేలు వసూలు చేస్తున్నారు.

రిఫండ్ అడిగితే ముందు "అడ్వెంచర్ యాక్టివిటీ, నో రిఫండ్", తర్వాత రిప్లై లేదు, తర్వాత బ్లాక్. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ పెట్టాం, యాడ్ స్క్రీన్‌షాట్లు, పేమెంట్ రసీదు, "పర్మిషన్ ఉంది" అన్న చాట్ అన్నీ దాచుకున్నాం కాబట్టి ఆ పని ఈజీగానే అయింది. కంప్లైంట్ వెళ్ళాక నైట్ టూర్ ఎక్స్‌ట్రా మాత్రం వెనక్కి వేశారు, మిగతాది ఇంకా పెండింగ్.

ఎవరైనా ఇలాంటిది అమ్మితే ఒక్కటే అడగండి, గని పేరు, తేదీ, మీ పేరు ఉన్న అనుమతి లెటర్ డబ్బు కట్టకముందే చూపించమనండి. ఆ లెటర్ రాకపోతే బేరం అక్కడే ఆపేయండి, తగ్గింపు ఇస్తామన్నా సరే. బొగ్గు గని చూడాలన్న కోరిక గట్టిగా ఉంటే నాగ్‌పూర్ దగ్గర సావనేర్‌లో కోల్ ఇండియా వాళ్ళదే వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ మైన్ టూరిజం పెట్టింది, ఇప్పుడు నడుస్తోందో లేదో కనుక్కుని వెళ్ళండి, అక్కడ దాక్కునే పని ఉండదు.

ఇంకోటి, మేం కంప్లైంట్ పెట్టాక వీళ్ళు పేజీ పేరు మార్చేసి అదే ప్యాకేజీని "కోల్ హెరిటేజ్ వాక్" అని పెట్టారు. ఫోటోలు మాత్రం పాతవే, మొదటి ఫోటోలో పసుపు హెల్మెట్ మనిషి మంట ముందు చేతులు చాపి నిలబడి ఉంటాడు, అది కనిపిస్తే వాళ్ళే.