నాలుగేళ్లు వాడిన నాణేల మెషిన్: సంచికి 2500 చూపించి ఆగుతుంది, సంచిలో అన్ని ఉండవు

కొన్న మొదటి నెలలో ఈ మెషిన్‌కి ఐదు నక్షత్రాలు ఇచ్చింది నేనే. పెట్టెడు డైములు (పది సెంట్ల నాణేలు) పావుగంటలో లెక్కపెట్టేసిందని సంతోషంగా రాశాను. అందులో అబద్ధం ఏమీ లేదు, ఇప్పటికీ పావుగంటలోనే లెక్కపెడుతుంది. కానీ దీని బ్యాచ్ స్టాప్‌ను (మనం పెట్టిన లెక్క రాగానే దానంతట అదే ఆగే ఏర్పాటును) నమ్మి, ఏ తప్పూ లేని ఒక బ్యాంకు కౌంటర్ అమ్మాయిని రెండు వారాలు అనుమానించాను. ఆ బాధ నాకు ఇంకా పోలేదు, అందుకే మళ్లీ రాస్తున్నాను.

నేను దేనికి వాడతానో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మేం డాలస్ దగ్గర ఉంటాం. బ్యాంకులో డైముల పెట్టెలు కొనుక్కొచ్చి వెండివి వెతుకుతాను. పెట్టె 250 డాలర్లు, అందులో కాగితం చుట్టిన 50 రోల్స్, రోల్‌కి 50 చొప్పున మొత్తం 2500 డైములు. 1964, అంతకుముందు సంవత్సరాలు ముద్రించి ఉంటే 90 శాతం వెండి, ఆ తర్వాతి మామూలువి రాగి మీద నికెల్ కలిసిన పూత. తారీఖులన్నీ చదవక్కర్లేదు, రోల్ విప్పి వరసగా పేర్చి అంచు చూస్తే మామూలు డైముకి రాగి గీత కనిపిస్తుంది, వెండిది మొత్తం తెల్లగా ఉంటుంది. పెట్టెకి ఒకటి దొరికితే నాకది మంచి రోజు, చాలా పెట్టెల్లో ఒక్కటీ ఉండదు. మిగిలినవన్నీ మోసుకెళ్లి బ్యాంకులో వేసేయాలి, అదీ కొన్న బ్రాంచిలో కాకుండా వేరే చోట, లేకపోతే వాళ్లకీ చిరాకు, చూసిన నాణేలే మళ్లీ మన చేతికి వచ్చినా రావచ్చు.

ఇక్కడే లెక్క ముఖ్యం అవుతుంది. ఔన్సు వెండి 30 డాలర్లు అనుకుంటే ఒక డైములో ఉన్న వెండి విలువ 2 డాలర్ల 17 సెంట్లు. అంటే తిరిగి వేసేటప్పుడు ఓ పాతిక డైములు లెక్కలో తప్పిపోయాయంటే, వారమంతా కూర్చుని వెతికిన వెండి ఆ తప్పు కిందే పోయినట్టు. ఇంట్లో లెక్కపెట్టుకుని వెళ్లాలనే కదా మెషిన్ కొన్నది.

మొన్న వేసవిలో నాలుగు పెట్టెలు ఒకేసారి వచ్చాయి. వెతకడం అయ్యాక, మూడు వెండివి పక్కన పెట్టి, మిగతావన్నీ ఒకే బకెట్‌లో పోశాను. తర్వాత మెషిన్‌లో బ్యాచ్ స్టాప్ 2500 దగ్గర పెట్టి, అది ఆగినప్పుడల్లా సంచి మార్చాను, అలా నాలుగు సంచులు నిండాయి. బకెట్ అడుగున ఇంకా కొన్ని డైములు మిగిలాయి. మా ఇంట్లో అందరూ జేబుల్లోని చిల్లర ఆ బకెట్‌లోనే వేస్తారు కాబట్టి అవి మావే అనుకుని బకెట్‌ను గూట్లో పెట్టేశాను. ఆ డైముల్ని అప్పుడే లెక్కపెట్టి ఉంటే ఇంత గొడవ జరిగేది కాదు.

శనివారం పొద్దున రెండు సంచులు తీసుకెళ్లాను. 500 డాలర్లు రావాలి. బ్యాంకు మెషిన్ ఇచ్చిన రసీదు మీద 491 డాలర్ల 70 సెంట్లు ఉంది. మెషిన్ ఒప్పుకోని నాణేలు పడే రిజెక్ట్ ట్రే ఖాళీ. కింద పడ్డాయేమో అని వంగి చూశాను, సంచి దులిపాను, ఏమీ లేదు. 83 డైములు ఎక్కడికి పోతాయి? కౌంటర్లో ఉన్న అమ్మాయితో, మీ మెషిన్ తక్కువ చూపిస్తోంది, నేను ఇంట్లో మెషిన్ మీద లెక్కపెట్టుకుని వచ్చాను అన్నాను. గొంతు పెంచలేదు కానీ మాటలో కటువు ఉంది, అది నాకు తెలుసు. 2016లో అమెరికాలోనే ఒక పెద్ద బ్యాంకు లాబీల్లో పెట్టిన నాణేల మెషిన్లు తక్కువ లెక్కపెడుతున్నాయని టీవీ వాళ్లు పరీక్షించి చూపించడం, ఆ బ్యాంకు వాటన్నిటినీ తీసేయడం నా మనసులో ఉన్నాయి. ఇదీ అలాంటిదే అని ముందే తీర్మానించేసుకున్నాను. ఆ అమ్మాయి ఓపిగ్గా ఫారం నింపింది, మెషిన్‌లో సంచి తీసినప్పుడు ఎక్కువ తేలితే ఖాతాలో వేస్తామంది. రెండు వారాల తర్వాత ఫోన్ చేసి లెక్క సరిపోయింది, ఎక్కువ ఏమీ తేలలేదు అని చెప్పారు. నేను నమ్మలేదు.

మిగిలిన రెండు సంచులు తీసుకెళ్లే ముందు, ఈసారి రుజువు ఉండాలని పార్సిళ్లు తూచే కాటా ఒకటి కొన్నాను. మామూలు డైము 2.268 గ్రాములు, కాబట్టి 2500 డైములు 5.67 కిలోలు తూగాలి. మొదటి సంచి 5.57 దగ్గర ఆగింది, రెండోది 5.58. కాటా తప్పేమో అని కిలో బియ్యం ప్యాకెట్లు పెట్టి చూశాను, బాగానే ఉంది. ఇక నేల మీద దుప్పటి పరిచి, పదేసి దొంతర్లు పెట్టి, రెండు సంచులూ చేత్తో లెక్కపెట్టాను. ఒక దాంట్లో 2456, ఇంకో దాంట్లో 2460. అప్పుడు గూట్లోంచి బకెట్ తీశాను. అందులో 171 ఉన్నాయి, ఓ ఏడెనిమిది మా జేబుల్లోంచి పడ్డవి అయ్యుంటాయి. బ్యాంకులో పోయాయనుకున్న 83, ఈ రెండు సంచుల్లో తగ్గిన 84, అన్నీ నా ఇంట్లోనే ఉన్నాయి. బ్యాంకు రసీదు నాణెం తేడా లేకుండా సరైనది.

మర్నాడే ఆ బ్రాంచికి వెళ్లి, తప్పు మా మెషిన్‌ది, క్షమించమని ఆ అమ్మాయికి చెప్పాను. ఆవిడ మామూలుగానే తీసుకుంది. నాకు మాత్రం వెళ్లి చెప్పేదాకా మనసు కుదుటపడలేదు.

కారణం నాలుగు స్క్రూలు విప్పితే తెలిసింది. నాణెం జారే గాడి పక్కన లైటు సెన్సర్ ఉంటుంది, దాని చుట్టూ బూడిదరంగు దుమ్ము, రోల్ కాగితాల పీలికలు అతుక్కుని ఉన్నాయి. నాణెం వెళ్లిన గాలికి ఆ పీలిక ఊగి లైటుకి అడ్డం వస్తుంది, మెషిన్ ఇంకో నాణెం అనుకుంటుంది. వంద డైములు చేత్తో లెక్కపెట్టి వేస్తే 102, 101, 102 చూపించింది. గాలి డబ్బాతో శుభ్రంగా ఊది మళ్లీ వేస్తే ఐదుసార్లూ వంద. మూడు పెట్టెలు నడిపాక మళ్లీ 101 మొదలు. క్వార్టర్లతో (పాతిక సెంట్లవి) నాకు ఈ ఇబ్బంది రాలేదు. రోల్ విప్పినప్పుడు కాగితం పీలికలు నాణేలతో కలిసి హాపర్‌లో (నాణేలు పోసే గిన్నెలో) పడితేనే ఇది జరుగుతోంది, ఇప్పుడు ముందు జల్లెడలో ఒకసారి దులిపి వేస్తున్నాను. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో సెన్సర్ తుడవమని ఒక్క ముక్క లేదు, నా కోపమంతా దాని మీదే.

వెండి కనిపెడుతుందని మాత్రం దీన్ని ఎవరూ కొనకండి. ఇది సైజు చూస్తుంది తప్ప లోహం చూడదు. ఊరి నుంచి తెచ్చిన డబ్బాలో ఖడ్గమృగం బొమ్మ ఉన్న మన పావలా ఒకటి ఉంటే వేసి చూశాను, 19 మిల్లీమీటర్లది కదా, పెన్నీల గొట్టంలో పడి ఒక సెంటుగా లెక్కకి ఎక్కింది. మా తాతయ్య రూపాయిని బండ మీద వేసి మోత విని వెండో కాదో చెప్పేవారు, ఆ పని ఈ మెషిన్ వల్ల కాదు. బ్యాంకుల్లో ఉండే కొన్ని పెద్ద మెషిన్లు లోహం కూడా చూస్తాయి, వెండి నాణెం వాటి లెక్కకి సరిపోక రిజెక్ట్ ట్రేలోకి వస్తుంది. పోయిన డిసెంబర్‌లో వేరే బ్రాంచిలో, నేను అంచు చూసి కూడా వదిలేసిన 1957 డైము అలాగే ట్రేలో కనిపించింది. మురికి పట్టి అంచు నల్లగా ఉంది, అందుకే తప్పిపోయింది. అప్పటి నుంచి ట్రేలో చెయ్యి పెట్టి చూడకుండా ఏ బ్యాంకులోంచీ బయటికి రావడం లేదు.

కాటాతో వెండి దొరుకుతుందా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. వెండి డైము 2.5 గ్రాములు, తేడా పావు గ్రాము కూడా లేదు, రోల్ కాగితం బరువులోనే అది కలిసిపోతుంది. లెక్క సరిచూసుకోవడానికి మాత్రం కాటాకి మించింది లేదు. ఇంకో సౌకర్యం కూడా ఉంది, మామూలు డైములు, క్వార్టర్లు, అర డాలర్లు ఎలా కలిపి పోసినా డాలరు విలువకి 22.68 గ్రాములే, కాబట్టి కలగాపులగంగా ఉన్నా తూచి విలువ చెప్పేయొచ్చు. అరిగిన నాణేల వల్ల ఒకటి రెండు అటూ ఇటూ అవుతుందేమో, నా సంచుల్లో అంతకు మించి తేడా రాలేదు.

మరి కొనాలా వద్దా అంటే, ఏడాదికోసారి సీసాలో పోగైన చిల్లర వేరు చేసుకోవడానికైతే కొనండి, ఒక శాతం తప్పినా పోయేది కొన్ని సెంట్లు. నాలా పెట్టెలు పెట్టెలు తిప్పేవాళ్లు, అన్నీ ఒకే బకెట్‌లో కలిపేవాళ్లు బ్యాచ్ స్టాప్‌ను నమ్మొద్దు. అర డాలర్లు వెతికేవాళ్లకి అసలు పనికిరాదు, నా మోడల్‌లో అవి పట్టవు. మాది అపార్ట్‌మెంట్, కింద పసిపిల్లలున్న ఇల్లు, దీని చప్పుడుకి రాత్రి ఎనిమిది దాటాక నడపను, సొంత ఇల్లు ఉన్నవాళ్లకి అది సమస్య కాకపోవచ్చు. నా మటుకు నాకు 2500 డైములు చేత్తో లెక్కపెడితే మెడ పట్టేస్తుంది కాబట్టి ఉంచుకుంటున్నాను. ఐదు నక్షత్రాల్ని మూడు చేశాను. ఇప్పుడు పెట్టెకో సంచి విడిగా కడుతున్నాను, ఏ సంచి ఎంత తూగిందో చీటీ రాసి అందులోనే పెట్టి తీసుకెళ్తున్నాను.