క్లౌడ్ గేమింగ్ సమీక్ష: గ్రాఫిక్స్ కార్డు మానేసి సర్వర్‌ను నమ్ముకోవచ్చా?

క్లౌడ్ గేమింగ్ అంటే గేము ఎక్కడో ఉన్న సర్వర్ మీద నడిచి, దాని వీడియో మాత్రం మీ తెరకు రావడం. ముందే తీర్పు చెప్పేస్తే నయం. ఒక్కరే కూర్చుని ఆడే కథాప్రధాన గేములు, స్ట్రాటజీ, వంతులవారీగా సాగే (టర్న్ బేస్డ్) పాత్రధారణ గేముల (ఆర్పీజీల) వరకు క్లౌడ్ ఇప్పుడు సొంత మెషీన్‌కు బదులుగా పనికొస్తుంది. పోటీ షూటర్లు, ఫైటింగ్, రిథమ్ గేములకు పనికిరాదు, ఎంత ఖరీదైన ప్లాన్ తీసుకున్నా సరే. మధ్యలో మిగిలే రేసింగ్, యాక్షన్ గేముల సంగతి మీ ఇంటి నుంచి డేటా సెంటర్ దాకా ఉన్న దారి తేలుస్తుంది. అందుకే ఇక్కడ సర్వీసుల కంటే ఆ దారి గురించే ఎక్కువ చెప్పాల్సి వస్తోంది.

పోలికకు తీసుకున్నవి మూడు: ఎన్విడియా జీఫోర్స్ నౌ, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్, సోనీ ప్లేస్టేషన్ ప్లస్ ప్రీమియం. మొదటిది మీరు స్టీమ్, ఎపిక్ లాంటి ఆన్‌లైన్ దుకాణాల్లో ఇప్పటికే కొన్న గేములను అద్దె కంప్యూటర్ మీద నడుపుతుంది. మిగతా రెండూ ప్రధానంగా చందా కడుతున్నన్నాళ్లు తమ జాబితాలోని గేములు ఆడనిస్తాయి.

బటన్ నొక్కాక ఏం జరుగుతుంది

సొంత మెషీన్ మీద కూడా ఆలస్యం సున్నా కాదు. కంట్రోలర్ సిగ్నల్ పంపాలి, గేము లెక్క కట్టాలి, కార్డు ఫ్రేము (ఒక్క బొమ్మ) గీయాలి, తెర దాన్ని చూపాలి. 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 60 ఫ్రేములు) దగ్గర ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది. క్లౌడ్‌లో ఇవన్నీ ఉంటూనే ఇంకో నాలుగు వచ్చి చేరతాయి: సిగ్నల్ వెళ్లి రావడం, సర్వర్ దగ్గర వీడియోగా కుదించడం (ఎన్‌కోడ్), మీ దగ్గర దాన్ని విప్పడం (డీకోడ్), డేటా ముక్కలైన ప్యాకెట్లు ఎగుడుదిగుడుగా వస్తే సర్దుకోవడానికి పెట్టుకునే చిన్న బఫర్. సిగ్నల్ వెళ్లి రావడానికి పట్టే సమయాన్నే పింగ్ అంటారు, అది 20 మిల్లీసెకన్లు అనుకుందాం. ఎన్‌కోడింగ్‌కు 3 నుంచి 5, మంచి డీకోడర్‌కు మరో 5, బఫర్‌కు దాదాపు ఒక ఫ్రేము వేసుకుంటే అదనపు భారం 45 మిల్లీసెకన్ల దరిదాపుల్లో తేలుతుంది. సర్వర్ దూరమైతే దీన్ని ఏ ప్లానూ తగ్గించలేదు. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లే పోతుంది కాబట్టి, 1000 కిలోమీటర్ల అవతలి సర్వర్‌కు వెళ్లి రావడానికే కనీసం 10 కావాలి. పైగా కేబుల్ ఎప్పుడూ తిన్నగా పోదు.

"ఆన్‌లైన్ గేముల్లో 40 పింగ్‌తో హాయిగా ఆడుతున్నాం కదా, ఇక్కడెందుకు బరువుగా ఉంటుంది?" అన్న ప్రశ్న తరచూ వస్తుంది. అసలు కిటుకు అక్కడే ఉంది. మామూలు ఆన్‌లైన్ షూటర్‌లో మీరు మౌస్ కదపగానే మీ కంప్యూటర్ సర్వర్ జవాబు కోసం ఆగదు. చూపు వెంటనే తిప్పేస్తుంది, తేడా వస్తే తర్వాత సరిచేసుకుంటుంది. ఫైటింగ్ గేముల్లోని రోల్‌బ్యాక్ కూడా ఇలాంటి ముందస్తు అంచనాయే. క్లౌడ్‌లో ఆ అంచనా వేసే కంప్యూటరే దూరంగా ఉంది. మీ చేతికీ దానికీ మధ్య ఉన్న ఆలస్యాన్ని కప్పిపుచ్చే ఏర్పాటు లేదు, మొత్తం మీ కళ్లకు తెలుస్తుంది. అందుకే 40 పింగ్ అక్కడ కనపడదు, ఇక్కడ మౌస్ జిగురులో ఇరుక్కున్నట్టు అనిపిస్తుంది. అదే 40 పింగ్ కంట్రోలర్ మీద చాలామందికి పట్టదు. స్టిక్ కదలికే నెమ్మది, చాలా గేముల్లో పాత్ర కదలికకు యానిమేషన్ కూడా అడ్డుంటుంది.

క్లౌడ్‌కు అనుకూలంగా ఒక మాట. సర్వర్ 120 ఎఫ్‌పీఎస్‌లో గేము నడిపితే ఒక్కో ఫ్రేముకు 8.3 మిల్లీసెకన్లే. సొంత మెషీన్ మీద అదే గేము 30 ఎఫ్‌పీఎస్‌లో ఈడ్చుకుంటూ, ఫ్రేముకు 33 తీసుకుంటుంటే, దగ్గరలో డేటా సెంటర్ ఉన్నవారికి క్లౌడే చురుగ్గా అనిపించవచ్చు. ఒక్కో ఫ్రేముకు దాదాపు 25 మిల్లీసెకన్లు మిగులుతుంది కాబట్టి, రెండు మూడు ఫ్రేముల్లోనే నెట్‌వర్క్ ఖర్చు వెనక్కి వచ్చేస్తుంది. పాత కంప్యూటర్‌తో పోల్చేవారు క్లౌడ్‌ను మెచ్చుకుంటారు, కొత్త కంప్యూటర్‌తో పోల్చేవారు తిడతారు. ఇద్దరిదీ నిజమే.

బొమ్మ ఎలా ఉంది

ప్రకటనల్లో రిజల్యూషన్ రాస్తారు, బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) రాయరు. 1080పి, 60 ఎఫ్‌పీఎస్ వీడియోను కుదించకుండా పంపాలంటే సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు కావాలి. వచ్చేది 25 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) అయితే 120 వంతుల్లో ఒక వంతు. ఒక్కో పిక్సెల్‌కు సుమారు 0.2 బిట్లు దక్కుతాయి. 4కె, 120 ఎఫ్‌పీఎస్‌ను 75 ఎంబీపీఎస్‌లో పంపితే ఆ వాటా 0.075కు పడిపోతుంది. పెద్ద బొమ్మల్లో పక్కపక్క పిక్సెళ్లు, వరుస ఫ్రేములు ఒకదాన్నొకటి ఎక్కువ పోలి ఉంటాయి కాబట్టి కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి) నెట్టుకొస్తుంది. కొత్త కోడెక్ ఏవీ1 అయితే పాత హెచ్.264 కంటే బాగా నెట్టుకొస్తుంది. కానీ వర్షం, పొగమంచు, గాలికి ఊగే గడ్డి, చీకటి గుహలు వచ్చాయా, దొరికిపోతుంది. కదిలే గడ్డి పేస్టులా మారుతుంది, చీకట్లో నలుపు మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. నల్లటి నేపథ్యం మీద ఎర్రటి చిన్న అక్షరాలు మసకబారితే అది కళ్ల దోషం కాదు. రంగుల సమాచారాన్ని అడ్డంగా, నిలువుగా సగానికి కుదించే 4:2:0 పద్ధతి ఫలితం. జీఫోర్స్ నౌ పై ప్లాన్ అల్టిమేట్‌లో రంగులను కుదించని 4:4:4 ఎంచుకుంటే ఈ ఒక్కటి బాగుపడుతుంది.

ఈ విషయంలో మూడింట్లో జీఫోర్స్ నౌ అల్టిమేట్ స్పష్టంగా ముందుంది. ఎక్స్‌బాక్స్ చాలాకాలం 1080పి దగ్గరే ఆగి, 2025లో పై ప్లాన్‌కు 1440పి ఇచ్చింది. కదలిక ఎక్కువైనప్పుడు ఇంకా మెత్తబడుతుంది. సోనీది మధ్యస్థం. అయితే దాని జాబితాలోని పీఎస్3 గేములు స్ట్రీమింగ్‌లోనే నడుస్తాయి కాబట్టి, పాత కన్సోల్ లేనివారికి అక్కడ పోలికే లేదు.

తప్పు సాధారణంగా ఇంట్లోనే

ఎన్విడియా చెప్పే లెక్క ప్రకారం 720పి 60కి 15, 1080పి 60కి 25, 4కె 120కి 45 ఎంబీపీఎస్ కావాలి. పింగ్ 80 లోపు తప్పనిసరి, 40 లోపు మంచిది. 300 ఎంబీపీఎస్ లైన్ ఉన్నవారికి కూడా గేము తడబడుతోందంటే కారణం వేగం కాదు, నిలకడ లేకపోవడం.

మొదటి అనుమానితుడు వైఫై. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు మూడే. పొరుగు రౌటర్లు, మైక్రోవేవ్, మీ బ్లూటూత్ కంట్రోలర్ కూడా అక్కడే తొక్కిసలాడుతుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. అందులోనూ రాడార్‌తో పంచుకునే డీఎఫ్ఎస్ ఛానళ్లు వద్దు, రాడార్ పసిగడితే రౌటర్ ఆట మధ్యలో ఛానల్ ఖాళీ చేస్తుంది. వైఫైని మిగతా గదులకు చేర్చే మెష్ రిపీటర్ వైర్‌లెస్‌గా వెనక్కి కలుస్తుంటే ప్రతి ప్యాకెట్ రెండుసార్లు గాల్లో ప్రయాణించినట్టే. మ్యాక్ మీద కొన్ని సెకన్లకోసారి లయబద్ధంగా ఆట తడబడుతుంటే, ఫైళ్లు పంపుకునే ఎయిర్‌డ్రాప్ కోసం వైఫై పక్క ఛానల్‌కు తొంగిచూస్తుండవచ్చు, ఆపి చూడండి. వీటన్నిటికీ కలిపి ఒకే మందు నెట్‌వర్క్ కేబుల్. మామూలు క్యాట్ 5ఇ చాలు.

రెండోది బఫర్‌బ్లోట్. ఇంట్లో ఎవరి ఫోనో ఫోటోలను బ్యాకప్ చేయడం మొదలుపెట్టగానే అప్‌లోడ్ నిండిపోయి, రౌటర్‌లో ప్యాకెట్లు వరుస కడతాయి. ఖాళీ లైన్‌లో 12 ఉన్న పింగ్ నూరు దాటడం మామూలే. రౌటర్‌లో ఈ వరుసను అదుపు చేసే ఎస్‌క్యూఎం సెట్టింగు ఉంటే, అందులో కేక్ లేదా ఎఫ్‌క్యూ కోడెల్ పద్ధతి ఎంచుకుని, అప్‌లోడ్, డౌన్‌లోడ్ పరిమితులను అసలు వేగంలో 85 నుంచి 90 శాతానికి కట్టండి. వరుస ప్రొవైడర్ పరికరంలో కాక మీ రౌటర్‌లో, మీ అదుపులో ఉంటుంది. వేగంలో పది, పదిహేను శాతం పోతుంది, ఆట నిలబడుతుంది.

చందా కట్టేముందు పరీక్ష రాత్రి రద్దీ వేళలోనే చేయండి, మధ్యాహ్నం ఫలితం ఎవరినీ ఒప్పించదు. జీఫోర్స్ నౌ యాప్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ టెస్ట్ ఉంది. ఉచిత ప్లాన్‌లో గంటసేపటి సెషన్ దొరుకుతుంది, క్యూలో ఓపిక పట్టాలి. ఆట మొదలయ్యాక కంట్రోల్+ఎన్ నొక్కితే అంకెలు తెర మీదికి వస్తాయి. వాటిని ఇలా చదవాలి. గేము ఎఫ్‌పీఎస్ స్థిరంగా ఉండి పింగ్ ఎగురుతుంటే తప్పు లైన్‌ది. పింగ్ స్థిరంగా ఉండి గేము ఎఫ్‌పీఎస్ పడుతుంటే సర్వర్‌కు గ్రాఫిక్స్ సెట్టింగులు బరువయ్యాయి, ఒక మెట్టు దించండి. రెండూ బాగుండి బొమ్మ తడబడుతుంటే తప్పు మీ తెర దగ్గరో డీకోడర్ దగ్గరో ఉంది. 144 హెర్ట్జ్ మానిటర్ మీద 60 ఎఫ్‌పీఎస్ వీడియో సమంగా పడదు, ఒక్కో ఫ్రేముకు 2.4 రిఫ్రెష్‌లు వస్తాయి. మానిటర్‌ను 120కి దించితే ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండుసార్లు పడుతుంది. టీవీ మీద ఆడేవారు గేమ్ మోడ్ (టీవీ ఆలస్యాన్ని తగ్గించే సెట్టింగు) పెట్టకుండా క్లౌడ్‌ను నిందించవద్దు.

ప్యాకెట్లు దారిలో పోవడం (ప్యాకెట్ లాస్) ఒక శాతం ఉన్నా కనిపిస్తుంది. ప్రతి ఫ్రేమూ ముందు ఫ్రేము మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఒక ముక్క పోతే చెదిరిన గళ్లు తర్వాతి ఫ్రేముల్లోకీ పాకుతాయి.

డేటా లెక్క కూడా చూసుకోవాలి. 25 ఎంబీపీఎస్ అంటే గంటకు 11.25 జీబీ, 45 అయితే 20 జీబీ పైనే, 75 అయితే దాదాపు 34. రోజుకు రెండు గంటల చొప్పున నెలకు 1080పిలోనే 675 జీబీ. లైన్‌కు నెలవారీ పరిమితి ఉంటే ఇక్కడే కథ ముగిసింది. 100 జీబీ గేమును ఒకసారి దించుకుంటే అయ్యే డేటా, స్ట్రీమింగ్‌లో తొమ్మిది గంటల ఆటతో సమానం.

గేములు ఎవరివి

2010లో మొదలైన ఆన్‌లైవ్ అనే క్లౌడ్ సర్వీసు 2015 ఏప్రిల్‌లో మూతపడింది. 2019 నవంబరులో వచ్చిన గూగుల్ స్టేడియా 2023 జనవరి 18న ఆగిపోయింది. గూగుల్ గేముల డబ్బు వెనక్కి ఇచ్చింది, కానీ అలా ఇవ్వాలన్న నియమం ఎవరికీ లేదు. జీఫోర్స్ నౌలో గేము మీ స్టీమ్ ఖాతాలోనే ఉంటుంది, సర్వీసు పోయినా గేము పోదు. అక్కడ బెడద వేరు. 2020 ఫిబ్రవరిలో అందరికీ తెరిచిన కొద్దిరోజులకే యాక్టివిజన్ బ్లిజార్డ్, బెథెస్డా, తర్వాత 2కె కంపెనీలు తమ గేములను వెనక్కి తీసుకున్నాయి. చాలా గేములు తర్వాత తిరిగొచ్చాయి. ఏమైనా, చందా కట్టేముందు మీరు ఆడే పది గేములూ జాబితాలో ఉన్నాయో లేదో పేరుపేరునా వెతకండి.

గంటల పరిమితి కూడా ఉంది. జీఫోర్స్ నౌ మధ్య ప్లాన్ పెర్ఫార్మెన్స్‌లో ఒక్కో సెషన్ 6 గంటలు, అల్టిమేట్‌లో 8. నెలకు మొత్తం 100 గంటలు, మిగిలితే 15 దాకా తర్వాతి నెలకు వెళతాయి. రోజుకు మూడు గంటల ఇరవై నిమిషాలన్నమాట, ఉద్యోగస్తులకు ఇది పరిమితే కాదు. మోడ్‌ల (అభిమానులు తయారుచేసే గేము మార్పుల) మీద బతికేవారికి మాత్రం క్లౌడ్ వద్దు. మోడ్‌లను స్టీమ్‌లోనే అందించే వర్క్‌షాప్ ఉన్న కొన్ని గేములు తప్ప, ఫైళ్లు మార్చుకునే స్వేచ్ఛ ఉండదు.

ఖర్చు పోల్చేటప్పుడు కార్డు ధరను నేరుగా చందాతో పోల్చవద్దు. కొన్న ధర నుంచి నాలుగేళ్ల తర్వాత అమ్మితే వచ్చేది తీసేసి 48తో భాగించండి, నెలకు కరెంటు కలపండి. భారీ గేమింగ్ పీసీ 400 వాట్లు లాగే చోట స్ట్రీమింగ్ ల్యాప్‌టాప్‌కు 20, 30 చాలు. నెలకు 20 గంటలు ఆడేవారికి క్లౌడ్ సాధారణంగా నెగ్గుతుంది. రోజూ ఆడేవారికి, పైగా ఆ కంప్యూటర్ మీదే వీడియో ఎడిటింగో త్రీడీ పనో ఉన్నవారికి కార్డే లాభం.

ఇంట్లో మంచి పీసీ ఇప్పటికే ఉండి, సోఫా మీద ఆడాలన్నదే కోరిక అయితే చందా అక్కర్లేదు. పీసీ మీద గేమును పంపే సన్‌షైన్, టీవీ లేదా ఫోన్ మీద దాన్ని అందుకునే మూన్‌లైట్ వేసుకోండి, రెండూ ఉచితం. ఇంట్లో కేబుల్ మీద నెట్‌వర్క్ ఆలస్యం ఒక మిల్లీసెకను దాటదు, బిట్‌రేట్ కూడా మీ ఇష్టం.

క్లౌడ్‌కే మొగ్గితే, కొత్త పరికరం కొనేటప్పుడు చూడాల్సింది ప్రాసెసర్ బలం కాదు, హార్డ్‌వేర్ డీకోడర్. ఏవీ1 కావాలంటే ఇంటెల్ 11వ తరం గ్రాఫిక్స్, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30 సిరీస్, యాపిల్ ఎం3 లేదా ఆపై ఉండాలి. ఏఎండీలో ఆర్ఎక్స్ 6000 సిరీస్ చాలు, కానీ 6400, 6500 ఎక్స్‌టీల్లో ఆ భాగం లేదు. విండోస్ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీ తెరిచి ఆడుతూ చూడండి. వీడియో డీకోడ్ గ్రాఫ్ కదలకుండా సీపీయూ మండిపోతుంటే డీకోడింగ్ సాఫ్ట్‌వేర్‌లో జరుగుతోంది. బ్రౌజర్ వదిలి సర్వీసు సొంత యాప్‌కు మారండి, డ్రైవర్ అప్‌డేట్ చేయండి, అప్పటికీ కదలకపోతే యాప్‌లో కోడెక్‌ను హెచ్.264కు దించండి.