కురసోవ్ ‘స్పెక్ట్రల్ జామెట్రీ ఆఫ్ గ్రాఫ్స్’: పీడీఎఫ్ ఫ్రీ, ఓపిక మాత్రం మనదే

క్వాంటమ్ గ్రాఫ్‌ల ట్రేస్ ఫార్ములా ఎక్కడ చదవాలి అని ఎవరడిగినా నేను ఇక ఈ పుస్తకమే చెప్తాను. స్టాక్‌హోమ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ పావెల్ కురసోవ్ రాశారు, ఓపెన్ యాక్సెస్ కాబట్టి పైసా ఖర్చు లేకుండా దించుకోవచ్చు. 600 పేజీలు పైమాటే, అంతా ఫోన్లో చదివితే కళ్లు పోతాయి, కావలసిన అధ్యాయాలు జిరాక్స్ షాపులో తీయించి స్పైరల్ వేయించుకోండి.

కొత్తవాళ్లకి రెండు ముక్కలు. కొన్ని తీగలు ముడులేసి కలిపాం అనుకోండి, వాటి మీద మైనస్ గుర్తుతో రెండో డెరివేటివ్ ఆపరేటర్ పెట్టి, ముడి దగ్గర ఫంక్షన్ తెగకూడదు, అక్కణ్ణుంచి బయటికెళ్లే డెరివేటివ్‌లు అన్నీ కలిపితే సున్నా రావాలి అని షరతు పెడతాం. ఇదే క్వాంటమ్ గ్రాఫ్. ఆపరేటర్ ఒక ఫంక్షన్‌ని ఏదో సంఖ్యతో గుణించి మాత్రమే తిరిగిస్తే ఆ సంఖ్య ఐగెన్‌వాల్యూ, అవన్నీ కలిపి స్పెక్ట్రమ్. ఐగెన్‌వాల్యూలు ఒకపక్క, బయల్దేరిన చోటికే తిరిగొచ్చే దారుల పొడవులు ఇంకోపక్క, ఈ రెంటినీ కలిపేదే ట్రేస్ ఫార్ములా. ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన సమానత్వం. మూడు తీగల ముడిని దాటిన ప్రతిసారీ దారికి 2/3 గుణకం, అక్కడే వెనక్కి తిరిగితే -1/3.

నాకు బాగా నచ్చింది సున్నా సంగతి. గ్రాఫ్ అంతా ఒకే ముక్కైతే సున్నా ఐగెన్‌వాల్యూ ఒక్కసారే వస్తుంది, కానీ సెక్యులర్ సమీకరణంలో (ఐగెన్‌వాల్యూలు ఏవో తేల్చే సమీకరణం) దాని మల్టిప్లిసిటీ, అంటే సున్నా ఎన్నిసార్లు మూలంగా వస్తుందో ఆ లెక్క, 2 మైనస్ ఆయిలర్ సంఖ్య (ముడుల్లోంచి తీగలు తీసేస్తే వచ్చేది). ఈ తేడా వల్లే ఐగెన్‌వాల్యూల నుంచి గ్రాఫ్‌లో ఎన్ని స్వతంత్ర చక్రాలున్నాయో లెక్కగట్టొచ్చు. నమ్మకం కుదరకపోతే 1 పొడవున్న ఒక్క తీగ తీసుకోండి, ఐగెన్‌వాల్యూల వర్గమూలాలు 0, పై, 2పై, 3పై. వీటి నుంచి ఆయిలర్ సంఖ్య రాబట్టే కురసోవ్ సూత్రంలో వేస్తే 1లోంచి 4/పై² రెట్లు (1 + 1/9 + 1/25 + ...) తీసేసి రెట్టింపు చేయమంటుంది. మొదటి పదంతో 1.19, రెండోది కలిపితే 1.10, చివరికి సరిగ్గా 1. తీగ రెండు కొసలూ రెండు ముడులు, తీగ ఒకటి, 2 - 1 = 1, సరిపోయింది కదా! 2020లో వార్సాలో భౌతికశాస్త్రవేత్త సిర్కో బృందంతో కలిసి కురసోవ్ వాళ్లు మైక్రోవేవ్ కేబుళ్ల మీద ఈ లెక్కని ప్రయోగంగా కూడా చేసి చూపించారు.

అదే ఏడాది గణితవేత్త పీటర్ సార్నాక్‌తో కలిసి కురసోవ్ చేసిన క్రిస్టలైన్ మెజర్ల (విడివిడి బిందువుల మీదే బరువుండి, ఫూరియే రూపం కూడా అలాగే ఉండేవి) పని కూడా ఈ ఫార్ములా లోంచి పుట్టిందే, ఆ భాగం చదువుతుంటే టైం తెలియదు.

ఇక విసుగు సంగతి. వర్టెక్స్ కండిషన్ల (ముడుల దగ్గర పెట్టే షరతుల) మీద అంత సాగదీయడం ఎందుకో నాకు అర్థం కాదు, ట్రేస్ ఫార్ములా కోసం వచ్చినవాడు అక్కడే అలిసిపోతాడు. పైన చెప్పిన మామూలు కండిషన్లు చూసుకుని ముందుకి దూకేయండి, ఏం నష్టం లేదు. ఇంకోటి, ఆపరేటర్‌కి పొటెన్షియల్ (ఫంక్షన్‌ని గుణించే అదనపు పదం) కలిపితే ఆ కచ్చితమైన సమానత్వం ఉండదు, అయినా పెద్ద ఐగెన్‌వాల్యూల వర్గమూలాలు పొటెన్షియల్ లేనివాటి వర్గమూలాలకి దగ్గరగా ఉంటాయి కాబట్టి ఆయిలర్ సంఖ్య మాత్రం దొరుకుతుంది. తొందరలో చదివేవాళ్లు కచ్చితమైన సమానత్వం, ఈ దగ్గరితనం రెండూ ఒకటే అనుకునే ప్రమాదం ఉంది, జాగ్రత్త.

బెర్కోలైకో, కుచ్‌మెంట్‌ల 2013 పుస్తకం ఇప్పటికే ఉన్నవాళ్లు కూడా దీన్ని దించుకోండి, స్పెక్ట్రమ్ నుంచి గ్రాఫ్ ఆకారం రాబట్టే విషయంలో ఇదే మెరుగు. ఎమ్మెస్సీ పిల్లలైతే ఫూరియే, డెల్టా ఫంక్షన్లు ఒకసారి తిరగేసుకుని మొదలుపెట్టండి, లేకపోతే ట్రేస్ ఫార్ములా మొదటి పేజీలోనే తల తిరుగుతుంది.