పదో తరగతిలోపు పిల్లలకు చూపించాల్సిన డైనోసారియం

హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద బిర్లా మందిర్‌కు వచ్చేవాళ్లలో చాలామంది పక్కనే ఉన్న బిర్లా సైన్స్ సెంటర్‌లో ప్లానెటేరియం షో చూసి దిగిపోతారు. 1985లో ఎన్టీఆర్ ప్రారంభించిన ప్లానెటేరియం అది. షో బాగుంటుంది, తెలుగులోనూ వేస్తారు. నేను మాత్రం ఆ సెంటర్లోనే డైనోసార్ ఎముకలు పెట్టిన డైనోసారియం గురించే రాస్తాను.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సైన్స్ టీచర్ని. పెద్దయ్యాక ఏమవుతారని పదో తరగతి పిల్లల్ని అడిగితే సాఫ్ట్‌వేర్, డాక్టర్, పోలీస్, టీచర్, అంతే. వాళ్ల కళ్లెదుట ఉన్న ఉద్యోగాలు అవే మరి. పరీక్షలు రాకముందే కాలేజీల పీఆర్వోలు ఇళ్లకు ఫోన్లు మొదలుపెడతారు. ఎంపీసీనా బైపీసీనా అన్నది చాలా ఇళ్లలో ఫీజు రాయితీని బట్టి తేలిపోతుంది. ఆడపిల్లలకైతే కాలేజీ ఎంత దూరమన్నది కూడా చూస్తారు. పిల్లకు ఏది ఇష్టమన్న మాట ఆఖర్న వస్తుంది, ఒక్కోసారి రానే రాదు.

అలాంటి పిల్లల్ని అక్కడున్న కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ముందు నిలబెట్టి చూడండి. అది సినిమా కోసం చేసిన బొమ్మ కాదు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన ఎముకలవి. దాదాపు 12 జంతువుల ఎముకలు కలగాపులగంగా దొరికితే, ఏది తొడదో ఏది వెన్నుపూసో తేల్చి పేర్చారు. పుర్రె దొరకలేదు, పళ్లు మాత్రం దొరికాయి. ఈ మాట చెప్పగానే మా క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి, "అయితే తల ఇంకా అక్కడే ఉందా మేడమ్?" అంది. ఉండొచ్చన్నాను.

ఈ జంతువుకు పేరు పెట్టి 1988లో ప్రపంచానికి చెప్పింది నేలను, రాళ్లను, శిలాజాలను పరిశీలించే కేంద్ర ప్రభుత్వ సంస్థ జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్త పి. యాదగిరి. ఆ పేరు వినగానే ఒక అబ్బాయి "మా తాత పేరు గూడా యాదగిరే" అన్నాడు. ఆ తర్వాత వాళ్ల ప్రశ్నలే మారిపోయాయి. ఈ ఉద్యోగం ఎట్లొస్తది, ఏం చదవాలి, ఆడవాళ్లను తీసుకుంటారా? ఇంటర్లో సైన్స్ గ్రూపు, డిగ్రీలో జియాలజీ, తర్వాత ఎమ్మెస్సీ, ఆపైన యూపీఎస్సీ వాళ్ల జియో సైంటిస్ట్ పరీక్ష అని చెప్పాను. ఆడవాళ్లూ రాయొచ్చు. ఆ సంస్థ ఆఫీసు బండ్లగూడలోనే ఉందంటే నమ్మలేనట్టు చూశారు.

వీళ్లందరూ జియాలజిస్టులు కావాలని నేను అనను. కానీ ఎంపీసీ, బైపీసీల అవతల ఏముందో తెలియకుండానే పిల్లల దారి ఖాయమైపోతుంటే నాకు బాధగా ఉంటుంది. శాస్త్రవేత్త అంటే మన పేర్లున్న మనిషి, మన జిల్లాలోనే పనిచేసిన మనిషి అని తెలియడం మార్కుల కంటే ముందు జరగాలి.

ఇస్రో సహకారంతో 2019లో తెరిచిన స్పేస్ మ్యూజియం కూడా ఇక్కడే ఉంది, దానికీ టైమ్ ఉంచుకోండి. వీలైతే తొమ్మిదో తరగతిలోనే తీసుకెళ్లండి, అప్పటికింకా పీఆర్వోల ఫోన్లు మొదలుకావు. ముందు డైనోసారియం చూపించి, షోకి తర్వాత వెళ్లండి. షో అయ్యాక పిల్లలు అలసిపోయి ఎముకల దగ్గర నిలబడరు.